జపాన్ వెళ్లేది చూడ్డానికా, ఉండడానికా?

వదిన కాకినాడలో హైస్కూలు టీచరు, పదో తరగతికి సోషల్ చెబుతుంది. మరదలు ఒసాకాలో ఉద్యోగం చేసుకుంటూ అక్కడే స్థిరపడింది. వచ్చే వేసవి సెలవుల్లో అన్నావదినల్నీ, అమ్మనీ జపాన్ రమ్మని ఆమె పిలుపు. రావడానికి వదినకి అభ్యంతరం లేదు. పేచీ అంతా ఎటు వెళ్లాలన్న దగ్గరే. వదిన కాగితం మీద టోక్యో, ఫూజీ, క్యోటో, నారా, ఒసాకా వరసగా ఉన్నాయి. మరదలి కాగితం మీద ఉన్నది ఒక్కటే, సెతో అంతర్సముద్రం. ఫోన్లో సాగిన వాదన ఇది. ఇద్దరూ మాటకి మాట అప్పజెప్పేవాళ్లే.

వదిన: ముందు ఒక్క మాట తేల్చు. మనిషికి లక్షన్నర దాటుతోంది. అంత డబ్బు పోసి జపాన్ దాకా వచ్చి, ఫూజీ కొండా క్యోటో గుళ్లూ చూడకుండా తిరిగొస్తే స్టాఫ్‌రూమ్‌లో మొహం ఎక్కడ పెట్టుకోను? నువ్వేమో సముద్రం అంటావు. సముద్రం మా ఇంటి నుంచి ఆటోలో పావుగంట!

మరదలు: స్టాఫ్‌రూమ్ కోసం వస్తున్నావా వదినా, సెలవు కోసం వస్తున్నావా?

వదిన: రెండిటికీ. దాచుకోవడం ఎందుకు? వెళ్లొచ్చాక నలుగురికీ చెప్పుకోవడం కూడా ప్రయాణంలో భాగమే.

మరదలు: చెప్పుకో, కాదన్నదెవరు? కానీ నీ కాగితం ప్రకారం రెండు రోజులకో ఊరు మారాలి. ఇక్కడ హోటళ్లలో పొద్దున్న పది, పదకొండుకి గది ఖాళీ చెయ్యాలి. కొత్త ఊళ్లో మధ్యాహ్నం మూడైతే గానీ గది ఇవ్వరు. మధ్యలో పెట్టెలు లాకర్లో పడేసి, అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి, టిఫినేదో చూసుకుని... ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు అలా పోతుంది.

వదిన: బుల్లెట్ ట్రైన్ ఉందిగా. టోక్యో నుంచి క్యోటోకి రెండుంపావు గంటలే అని చెప్పింది నువ్వే.

మరదలు: రైలు పరిగెడుతుంది, నిజమే. అమ్మ పరిగెత్తాలిగా! టోక్యో స్టేషన్లో ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి నడిచేసరికే ఆవిడ మోకాళ్లు మొరాయిస్తాయి. పైగా దేశమంతా తిరిగే రైలు పాసు ఇదివరకటిలా చవక కాదు. వారం రోజుల పాసు 29,650 యెన్లుండేది, 2023 అక్టోబరులో ఒక్కసారిగా 50,000 చేశారు. అంత పోసి కొన్నాక, కొన్నాం కదా అని రోజూ రైలెక్కుతారు జనం. సెలవంతా పాసు డబ్బులు రాబట్టుకోవడానికే సరిపోతుంది.

వదిన: ఆ దారినే అందరూ వెళ్తున్నారంటే అందులో ఏదో ఉండబట్టేగా?

మరదలు: అందరూ వెళ్లడమే అక్కడి చిక్కు. 2024లో ఈ దేశానికి 3 కోట్ల 68 లక్షల మంది విదేశీయులు వచ్చారు. అందులో పెద్ద వాటా నీ కాగితం మీదున్న ఊళ్లలోనే తిరిగింది. గెయిషాల వెంటబడి ఫొటోలు తీస్తున్నారని క్యోటోలో గియోన్ పేటవాళ్లు ఆ ఏడాదే కొన్ని ప్రైవేటు సందుల్లోకి రావద్దని బోర్డులు పెట్టారు. ఫూజీ దగ్గరి ఒక ఊళ్లో దుకాణం వెనక కొండ కనిపించే చోట గుంపులు ఆగడం లేదని నల్లటి తెరే కట్టేశారు.

వదిన: జనం ఉన్నారని తిరుపతి మానేస్తామా? క్యూలో నిలబడి అలిసిపోయినా దర్శనం దర్శనమే. పైగా వసంతకాలం, చెర్రీ పూలు. క్యోటోలో ఆ పూలకింద ఒక్క ఫొటో దిగితే చాలు నాకు.

మరదలు: పూలు నీ సెలవుల కోసం ఆగవు వదినా. ఈ దేశంలో ఎక్కువగా కనిపించే రకం సొమేయ్ యోషినో. విత్తనంతో మొలిపించినవి కావు, అంటుకట్టి పెంచినవి. జన్యువులన్నీ ఒకటే కాబట్టి ఒక ఊళ్లో చెట్లన్నీ ఒక్కసారే పూస్తాయి, ఒక్కసారే రాలతాయి. టోక్యోలో యసుకుని గుడి ఆవరణలో వాతావరణ శాఖవాళ్ల గుర్తుచెట్టు ఒకటుంది. దాని మీద ఐదారు పూలు విచ్చుకుంటే సీజన్ మొదలైందని ప్రకటిస్తారు. ఫిబ్రవరి 1 నుంచి ప్రతిరోజు గరిష్ఠ ఉష్ణోగ్రతనీ కూడుకుంటూ వెళ్తే, మొత్తం 600 డిగ్రీలు అయ్యేసరికి పూస్తుందని అక్కడివాళ్ల మోటు లెక్క. ఒసాకా, హిరోషిమా వైపు మామూలుగా మార్చి ఆఖర్లో మొదలై ఏప్రిల్ మొదటి వారానికి నిండుగా ఉంటాయి. ఆ తర్వాత ఒక్క గాలివాన చాలు, అన్నీ నేలపాలు. 2021లో క్యోటోలో మార్చి 26కే నిండుగా పూశాయి. అక్కడ పన్నెండు వందల ఏళ్లుగా ఉన్న దాఖలాల్లో అప్పటిదాకా అంత తొందరగా పూసింది లేదు. ఇప్పుడు చెప్పు, ఆ రోజుల్లో నువ్వెక్కడుంటావు?

వదిన: మార్చిలో పదో తరగతి పరీక్షల డ్యూటీ. ఏప్రిల్లో స్పాట్ వాల్యుయేషన్. బడి మూసేసరికి ఏప్రిల్ ఇరవై దాటుతుంది.

మరదలు: అప్పటికి క్యోటోలో ఆ పూల జాడే ఉండదు. ఆ వెంటనే గోల్డెన్ వీక్ పడుతుంది. ఏప్రిల్ 29, మే 3, 4, 5 ప్రభుత్వ సెలవులు. మధ్య రోజులకి కూడా సెలవు పెట్టుకుని దేశం దేశమంతా రోడ్డెక్కుతుంది. హోటళ్ల రేట్లు పైకి పోతాయి. నొజొమి బుల్లెట్ రైళ్లలో ఆ రోజుల్లో రిజర్వేషన్ లేని పెట్టెలే పెట్టరు. అంటే నీ జాబితాని నీ సెలవుల్లో పెడితే, పూలు లేని క్యోటోని ఏడాదిలోకెల్లా రద్దీ వారంలో చూస్తావు.

వదిన: అయితే అసలు రావద్దంటావా?

మరదలు: మే 6 దాటాక రా. జూన్ మొదటి వారంలో ఇక్కడ వానాకాలం మొదలవుతుంది, ఆలోపు తిరిగి వెళ్లిపో. ఆ మధ్యలో ఉన్న మూడు, నాలుగు వారాలంత హాయైన కాలం ఇక్కడ ఇంకోటి లేదు. ఎండ ఉంటుంది, చురుక్కుమనదు. చెట్లన్నీ లేత ఆకుపచ్చ. సెతో తీరంలో కగావా వైపు పొలాల్లో గోధుమ పసుపు తిరుగుతుంది. పొద్దున్న, సాయంత్రం ఒక పల్చటి స్వెట్టరు చాలు.

వదిన: సరే, తేదీ ఒప్పుకుంటాను. చోటు మాత్రం ఒప్పుకోలేదు. మే నెలలో నీ సముద్రంలో దిగి స్నానం చెయ్యొచ్చా?

మరదలు: చెయ్యలేవు. నీళ్లు ఇంకా చల్లగానే ఉంటాయి. ఇక్కడివాళ్లు సముద్రస్నానాలకి దిగేది జులైలోనే.

వదిన: కాళ్లు తడుపుకోలేని సముద్రానికి ఏడు సముద్రాలు దాటి రమ్మంటున్నావు! మా ఉప్పాడ నయం కదే.

మరదలు: ఉప్పాడలో సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూస్తావు. ఇక్కడ దాని మధ్యలో ఉంటావు. హోన్షూ, శికోకు, క్యూషూ, ఈ మూడు పెద్ద దీవుల నడుమ ఇరుక్కున్న నీళ్లు ఇవి. లోపల చిన్నాపెద్దా సుమారు 700 దీవులు. ఎటు చూసినా ఒక దీవి వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, నీలం పలచబడుతూ పోతుంది. దేశంలో మొట్టమొదట జాతీయ పార్కులుగా ప్రకటించిన మూడింటిలో ఇదొకటి, 1934లో. ఉత్తరాన చూగొకు కొండలు, దక్షిణాన శికోకు కొండలు మేఘాల్ని అడ్డుకుంటాయి కాబట్టి వాన తక్కువ. అందుకే పాతకాలంలో ఇక్కడ ఉప్పు మళ్లుండేవి, వ్యవసాయానికి చెరువులు తవ్వుకున్నారు. కగావాలో మన్నో చెరువు గట్టుని 821లో కూకాయ్ అనే బౌద్ధాచార్యుడు బాగుచేయించాడు. ఆ చెరువు ఇప్పటికీ పొలాలకి నీళ్లిస్తోంది.

వదిన: ఇది బాగుంది, చెరువు కింద సేద్యం. సరే, ఆ దీవుల మీద ఏం చెయ్యాలి రోజంతా?

మరదలు: పడవ ఎక్కాలి, దిగాలి, తినాలి, కూర్చోవాలి.

వదిన: ఇది చెప్పడానికి ఫోన్ చేశావా!

మరదలు: వినవే వదినా. ముందు మియాజిమా సంగతి చూడు. హిరోషిమా పక్కన దీవి. రైల్వేస్టేషన్ దగ్గరి రేవు నుంచి పడవలో పది నిమిషాలు. ఇత్సుకుషిమా గుడి, ముందు నీళ్లలో ఎర్రటి తోరణం, నువ్వు క్యాలెండర్లలో చూసిందే. 1168లో తైరా నో కియోమొరి అనే దొర ఈ గుడిని ఇప్పుడున్న పద్ధతిలో కట్టించాడు. తోరణం ఎత్తు 16 మీటర్ల పైనే. పునాది తవ్వి పాతింది కాదు, సొంత బరువు మీద నిలబడింది. పైదూలాన్ని పెట్టెలా బోలుగా చేసి అందులో రాళ్లు పోశారు. పెద్ద స్తంభాలు రెండూ కర్పూరవృక్షం మానులు. ఇప్పుడున్నది 1875లో నిలబెట్టింది.

వదిన: అది పోటు మీదున్నప్పుడే కదా నీళ్లలో తేలుతున్నట్టు కనిపించేది?

మరదలు: అదే నేను చెప్పొచ్చేది. పోటుకి గుడి నడవా కిందకి నీళ్లొస్తాయి. ఆ నేల పలకల మధ్య సందులు వదిలారు, నీళ్లు తన్నినప్పుడు పలకలు లేచిపోకుండా. పాటు సమయానికి అదే తోరణం కిందకి చెప్పుల్తో నడిచి వెళ్లొచ్చు. స్తంభం మొదట్లో రంగు పోయి, నాచూ గుల్లలూ పట్టి, మాను నెర్రెలిచ్చి ఉంటుంది. చేతులు రెండూ చాచినా చుట్టుకి రాదు. పోటుకీ పాటుకీ మధ్య ఆరు గంటలు. హిరోషిమాలో బస్సెక్కి గంటన్నరలో చూసి పారిపోయే జనానికి ఆ రెండింటిలో ఒకటే దక్కుతుంది.

వదిన: పున్నమికీ అమావాస్యకీ పోటు పెద్దది. ఆ రోజుల్లో అయితే తేడా బాగా తెలుస్తుంది. పంచాంగం చూసుకుని వెళ్లాల్సిన చోటన్నమాట.

మరదలు: చూశావా, నువ్వే చెప్పేశావు! ఈ తీరంలో అన్నీ అంతే. షోదోషిమా అనే దీవి దగ్గర పాటు వేళకి ఇసకదారి ఒకటి బయటపడుతుంది, రోజుకి రెండుసార్లు. దాని మీద నడిచి పక్కనున్న బుల్లిదీవులకి వెళ్లొచ్చు. పోటొస్తే దారి మాయం. ఉదోన్ కొట్లలో మధ్యాహ్నానికి నూడుల్స్ అయిపోతే తలుపు మూసేస్తారు. నావోషిమాలో మ్యూజియాలు చాలావరకు సోమవారం సెలవు. దీవుల మధ్య చాలా పడవలు చీకటి పడే లోపే ఆగిపోతాయి. ఇక్కడ టైంటేబులు నీది కాదు. అందుకే తీరిగ్గా ఉండాలంటున్నాను. ఇది బద్ధకం కాదు, ఈ చోటు నడిచే పద్ధతే అంత.

వదిన: నావోషిమా అంటే ఆ గుమ్మడికాయ దీవేగా? చుక్కల గుమ్మడికాయ పక్కన నువ్వు దిగిన ఫొటో చూశాను. గుమ్మడికాయ చూడ్డానికి జపాన్ వచ్చానని చెప్పమంటావా స్టాఫ్‌రూమ్‌లో?

మరదలు: అది కుసామా యయోయి చేసింది, 1994 నుంచీ ఆ రేవు కొసన ఉంది. 2021 ఆగస్టులో తుఫాను వచ్చి సముద్రంలోకి ఈడ్చుకుపోయింది. మరుసటి ఏడు మళ్లీ చేసి పెట్టారు. నీకు గుమ్మడికాయ నచ్చకపోతే పోనీ. చిచూ మ్యూజియం చూడు. అందో తదావో కట్టిన భవనం, 2004లో తెరిచారు. దాదాపు అంతా భూమి లోపలే. మోనే గీసిన కలువపూల బొమ్మలు తెల్లటి గదిలో ఉంటాయి, ఆ గదిలో కరెంటు దీపం ఉండదు. పైనుంచి పడే పగటి వెలుగులోనే చూడాలి. మబ్బు పడితే బొమ్మ రంగు మారిపోతుంది. టిక్కెట్టుకి మాత్రం టైం స్లాటు ముందుగానే బుక్ చేసుకోవాలి.

వదిన: అంటే అక్కడా జనమే. మూడేళ్లకోసారి పెద్ద కళాజాతర జరుగుతుందని కూడా చదివాను. ప్రశాంతం అని నువ్వు చెప్పే చోటికీ నాలాంటివాళ్లు పదివేల మంది వస్తే అదీ క్యోటోయే.

మరదలు: కాదనను. 2010లో మొదలైంది సెతోఉచి కళోత్సవం. అది జరిగే నెలల్లో నావోషిమా పడవ దగ్గర క్యూ ఉంటుంది. కానీ ముసలివాళ్లే మిగిలిన దీవులివి, బళ్లు మూతపడ్డాయి. నాలుగు డబ్బులు చేతులు మారేదీ, పడవ సర్వీసు ఆగకుండా నడిచేదీ మనలాంటివాళ్లు వెళ్తేనే.

వదిన: అది సరే. తిండి సంగతి చెప్పు. మీ అన్నయ్య మొదట అడిగేది అదే.

మరదలు: కగావాలో తకామత్సు ఊళ్లో దిగగానే ఉదోన్. మైదా పిండితో లావుగా, సాగేలా చేసే నూడుల్స్. కగావా ప్రిఫెక్చర్ జపాన్ మొత్తానికీ చిన్నది, కానీ ఉదోన్ అంటే దాని పేరే చెబుతారు. కొట్లో ట్రే నువ్వే తీసుకుంటావు. చిన్నదా పెద్దదా అంటే చెబుతావు, గిన్నెలో నూడుల్స్ ముద్ద వేసిస్తారు. వెదురు పిడి ఉన్న జల్లెడ గరిటెలో దాన్ని వేసి, మరుగుతున్న నీళ్లలో నువ్వే కాసేపు ముంచి తీస్తావు. పక్కనే పెద్ద డ్రమ్ముకి కుళాయి ఉంటుంది, తిప్పితే వేడి చారు. పైన ఉల్లికాడలూ అల్లం తురుమూ వేసుకుని డబ్బులు కట్టి కూర్చుంటావు. పది నిమిషాల్లో లేవాలి, వెనక వచ్చేవాళ్లుంటారు. మూడు, నాలుగు వందల యెన్లలో కడుపు నిండుతుంది.

వదిన: చారు దేనితో?

మరదలు: ఎండు నెత్తళ్లతో.

వదిన: నెత్తళ్లా!

మరదలు: అవును, మన నెత్తళ్ల జాతే. ఇబుకి అనే చిన్న దీవి వాటికి పేరు. పట్టిన వెంటనే ఉడికించి ఎండబెడతారు. నీకు ఆ వాసన కొత్త కాదు, అన్నయ్యకి అసలే కాదు.

వదిన: మాకు సరే. అత్తయ్యగారి మాటేమిటి? కాశీకి వెళ్లొచ్చాక ఆవిడ నీచు ముట్టడం మానేశారు. నెత్తళ్ల చారు వాసన తగిలితే ఆ పూటకి భోజనం బంద్. ఇదీ నీ ప్లాన్లో అసలు లొసుగు. నువ్వు చెప్పే ఊళ్లలో సాంబారు దొరకదు, పెరుగన్నం దొరకదు. టోక్యో, ఒసాకాల్లో అయితే కనీసం ఇండియన్ హోటళ్లుంటాయి.

మరదలు: అది మాత్రం నిజం వదినా. ఇక్కడ కూరగాయల సూపు అని చెప్పి ఇచ్చిన దాంట్లో కూడా ఎండుచేప నీళ్లుంటాయి. అందుకే హోటల్ గది కాదు, వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకుందాం. బియ్యం, కూరగాయలు, పెరుగు వీధి చివర సూపర్ మార్కెట్లో దొరుకుతాయి. నువ్వు కందిపొడి, ఆవకాయ తెచ్చేయి. పచ్చి కరివేపాకు మాత్రం తేకు. మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా పచ్చి ఆకులూ పళ్లూ రానివ్వరు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి అయితే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు.

వదిన: క్యోటోలో అయితే బౌద్ధ మఠాల శాకాహార భోజనం ఉంటుంది కదా? షోజిన్ అంటారట. చేప నీళ్లు కూడా వాడరట. నేనూ చదువుకునే మాట్లాడుతున్నాను.

మరదలు: ...ఉంటుంది. టోఫూ వంటలకి కూడా క్యోటోయే పేరు. సరే, అమ్మ తిండి కోసం క్యోటోకి ఒక మార్కు వేసుకో.

వదిన: రాసుకున్నాను. మరి మీ అన్నయ్యకి చేప?

మరదలు: వసంతంలో ఇక్కడి రాజు తాయ్ చేప. ఏప్రిల్, మే నెలల్లో గుడ్లు పెట్టడానికి లోపలి నీళ్లలోకి వస్తుంది, అప్పుడు ఒళ్లు గులాబీ రంగు తిరుగుతుంది. గుడ్లు పెట్టాక రుచి తగ్గుతుంది, కాబట్టి మే ఆఖరుకంటే ముందే తినాలి. ఎహిమేలో మత్సుయామా వైపు చేపని బియ్యంతో కలిపి ఒకే కుండలో వండుతారు. ముళ్లు తీసి అన్నంలో కలిపి గిన్నెల్లో పెడతారు.

వదిన: ఆ నీళ్లలో ఇప్పటికీ చేప బాగా పడుతోందా? ఇక్కడ మావాళ్లు రోజూ ఏడుపే, వలకి ఏమీ రావట్లేదని.

మరదలు: ఇక్కడా అదే గోల, కానీ కథ వేరు. ఫ్యాక్టరీల, ఊళ్ల మురుగు కలిసి 1970ల్లో ఈ సముద్రం కుళ్లిపోయింది. 1972లో ఎర్రపోటు వచ్చింది, అంటే ఆల్గే విపరీతంగా పెరిగి నీళ్లు రంగు మారడం. కోటీ నలభై లక్షల పెంపకపు చేపలు చచ్చిపోయాయి. మరుసటి ఏడే ప్రత్యేక చట్టం తెచ్చి మురుగుకి కళ్లెం వేశారు. నీళ్లు తేటపడ్డాయి. తీరా చూస్తే మరీ తేటపడ్డాయట! నత్రజని, భాస్వరం తగ్గిపోయి, వలల మీద పెంచే నోరి నాచు రంగు వెలిసిపోసాగింది. చిన్న చేపలకి మేత కరువైంది. కోబే వైపు వసంతం అంటే ఇకనాగో అనే వేలెడు చేపల్ని సోయా, అల్లం, పంచదారతో ఇగర్చి ఇంటింటా పంచుకోవడం. ఇప్పుడా చేప సీజను కొన్ని రోజులకే ముగిసిపోతోంది. నీళ్లు వేడెక్కడం కూడా ఒక కారణం అంటున్నారు. చివరికి 2021లో చట్టం సవరించి, కొన్నిచోట్ల శుద్ధి చేసిన నీళ్లలో పోషకాలు కొంచెం మిగలనిచ్చే వీలు కల్పించారు.

వదిన: శుభ్రం ఎక్కువైనా చిక్కేనన్నమాట. ఇది పర్యావరణం పాఠంలో చెబుతాను. ఇంకోటి కూడా ఉంది. నువ్వు ఇంతసేపూ పడవలు, చేపలు అంటున్నావు గానీ, హిరోషిమా మాట దాటేస్తున్నావు.

మరదలు: సెలవులో సరదాగా తిరిగేటప్పుడు అదెందుకని...

వదిన: ఏటా చెబుతాను ఆ అణుబాంబు పాఠం. 1945 ఆగస్టు 6, ఉదయం 8.15. కాగితం కొంగలు చేసిన సదాకో ససాకి గురించి చెబితే వెనక బెంచీ పిల్లలు కూడా నోరు మూసుకుని వింటారు. అక్కడిదాకా వచ్చి మ్యూజియం మెట్లెక్కకుండా తాయ్ చేప తిని పోతానా? సరదా, బరువు రెండూ ఒక ప్రయాణంలో పడతాయి. పడకపోతే అది ప్రయాణం కాదు, పిక్నిక్.

మరదలు: ఒప్పుకున్నాను. నిజానికి అక్కడి జనం చేసేదీ అదే. ఏప్రిల్లో మోతొయాసు నది గట్టున, అణుబాంబుకి దెబ్బతిన్న గుమ్మటం కనిపించే చోట, పూలచెట్ల కింద చాపలు వేసుకుని అన్నాలు తింటారు. కానీ వదినా, గమనించావా? హిరోషిమా నీ కాగితం మీద లేదు. ఉన్నది నా దారిలో.

వదిన: ...ఉంది. ఆ మార్కు నువ్వు వేసుకో.

మరదలు: అక్కడి నుంచి రైల్లో ఒనోమిచి వెళ్దాం. కొండవాలు మీద గుళ్లు, మధ్యలో మెట్లదారులు, కింద ఇరుకైన జలసంధి. ఓజు యసుజిరో 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’ మొదలయ్యేదీ ముగిసేదీ అక్కడే. ముసలి తల్లిదండ్రులు ఒనోమిచి నుంచి టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడ్డానికి వెళ్తారు. పిల్లలకి తీరిక ఉండదు. వాళ్లని ఒక వేడినీళ్ల ఊటల ఊరికి పంపేసి చేతులు దులుపుకుంటారు. ఆ సినిమా చూశాకే అమ్మని పిలవాలనుకున్నాను. పిలిచాక ఆవిణ్ణి స్టేషన్ల వెంట పరిగెత్తించడం నావల్ల కాదు.

వదిన: ఆ మాట ముందే చెప్పొచ్చు కదే. మీ అన్నయ్యని సైకిలెక్కిస్తానంటున్నావట?

మరదలు: ఒనోమిచి నుంచి శికోకులోని ఇమాబరి దాకా ఆరు దీవుల మీదుగా వంతెనల దారి, షిమానామి కైదో. 1999లో వంతెనలన్నీ పూర్తయ్యాయి. సైకిలు దారి సుమారు 70 కిలోమీటర్లు, తప్పిపోకుండా రోడ్డు మీద నీలం గీత ఉంటుంది. అంతా తొక్కక్కర్లేదు. అద్దె సైకిలు దారిలో ఒక స్టాండులో తీసుకుని ఇంకో స్టాండులో ఇచ్చెయ్యొచ్చు, బ్యాటరీవి కూడా ఉన్నాయి. ఇకుచి దీవి దాకా పోతే నిమ్మతోటలు. తతారా వంతెన స్తంభం కింద చప్పట్లు కొడితే ఆ చప్పుడు పైకి పాకుతూ గలగలమంటుంది. మీరిద్దరూ అది చూసొచ్చేలోపు నేనూ అమ్మా పడవలో వస్తాం.

వదిన: వినడానికి బానే ఉంది. ఇప్పుడు నా ఆఖరి మాట విను. నువ్వు అక్కడే ఉంటావు. ఈ ఏడు చూడంది వచ్చే ఏడు చూస్తావు. తీరిక గురించి మాట్లాడ్డం నీకు తేలిక. మాకు ఎల్‌టీసీ విదేశాలకి రాదు, ఈ డబ్బు ఐదారేళ్ల పొదుపు. మళ్లీ వస్తామో రామో. ఒక్కసారే వచ్చేవాళ్లు అన్నీ చూడాలనుకోవడం అత్యాశ కాదు. దాన్ని హేళన చెయ్యకూడదు.

మరదలు: హేళన చెయ్యను. కానీ ఒక్కసారే వస్తావు కాబట్టే అడుగుతున్నాను. ఆ ఒక్కసారిలో పెట్టెలు మోసిన గంటలెన్ని, చెట్టు కింద కూర్చున్న గంటలెన్ని? ఫూజీ మబ్బు చాటున ఉంటే నీ జాబితా ప్రకారం మర్నాడే వెళ్లిపోవాలి, ఇంకో రోజు ఆగడానికి వీల్లేదు. ఇక్కడ పొద్దున్న పోటు తప్పితే రాత్రి పోటు ఉంటుంది. ఇవాళ ఉదోన్ కొట్టు మూసేస్తే రేపు తొందరగా లేస్తాం. ఒక రోజు చేతిలో మిగులు ఉంటేనే ప్రయాణం మన చెప్పుచేతల్లో ఉంటుంది.

వదిన: బేరం ఆడదాం. టోక్యో, ఫూజీ, నారా కొట్టేస్తాను. క్యోటో మాత్రం కొట్టను. ఆఖర్లో రెండు రాత్రులు, అత్తయ్యగారికి మఠం భోజనం, నాకు ఒక గుడి.

మరదలు: ఒక్కటే గుడి?

వదిన: ఒక్కటే. కానీ పొద్దున్నే వెళ్తాను, గుంపులు రాకముందే. నువ్వు చెప్పే తీరిక క్యోటోలో కూడా పనికొస్తుందో లేదో చూస్తాను.

మరదలు: సరే. తకామత్సులో అద్దె ఇల్లు, అక్కడి నుంచి దీవులు. తర్వాత హిరోషిమా, ఒనోమిచి. ఆఖర్న క్యోటో. రెండే షరతులు. రోజుకి ఒక్క చోటు మించి పెట్టుకోవద్దు. ఏ రోజూ ఖాళీ లేకుండా నింపొద్దు.

వదిన: మూడో షరతు నాది. స్టాఫ్‌రూమ్ కోసం ఆ గుమ్మడికాయ దగ్గర ఒక ఫొటో.

వాదనలో ఎవరు గెలిచారంటే, తేదీ విషయంలో మరదలు, తిండి విషయంలో వదిన. హిరోషిమాని ప్రయాణంలోకి తెచ్చింది వదినే, దారి మాత్రం మరదలిది. తీరిక గొప్పదని చెప్పడం అక్కడే ఉన్నవాళ్లకి సులువన్న వదిన మాట కొట్టిపారేసేది కాదు. అయినా తూచి చూస్తే మొగ్గు మరదలి వైపే. ఊళ్ల జాబితాకి కాలం కుదించుకోవడం కంటే, ఉన్న కాలానికి ఊళ్లు తగ్గించుకోవడమే మేలు.

జపాన్ వెళ్లాలనుకునే పాఠకులకి ఒక మాట. ఊళ్లు ఎంచుకునే ముందు తేదీ ఎంచుకోండి. పూలే ముఖ్యమైతే మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదటి వారం. బడి సెలవుల్లోనే కుదిరితే ఏప్రిల్ 29 నుంచి మే 6 దాకా వదిలేసి, జూన్ వానలు పట్టేలోపు వెళ్లిరండి. మన దేశంలో ఉండేవాళ్లకి 2024 ఏప్రిల్ నుంచి పర్యాటక ఈ-వీసా సదుపాయం ఉంది. ఇంట్లో శాకాహారులుంటే వంటగది ఉన్న బస ముందుగా చూసుకోండి. మియాజిమా వెళ్లే రోజుని మాత్రం పోటుపాట్ల పట్టిక చూసే ఖాయం చేసుకోండి.